సున్నపురాయి – శోధన వ్యయము

పల్నాటి సీమకు రాతి కొదువ లేదు. నాగార్జునకొండ వద్ద ఇక్ష్వాకుల కాలపు శిల్పులు చెక్కినది ఈ సున్నపురాతినే. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన సాగరు ఆనకట్ట మన మాచర్ల చేరువనే, వేలాది కూలీల చేతులమీదుగా, రాతికట్టడముగా లేచినది. (దాని నిర్మాణమును నడిపిన చీఫ్ ఇంజనీరు మీర్ జాఫర్ అలీ పేరు మన విద్యార్థులలో ఎందరెరుగుదురో!) మాచర్లలో సిమెంటు కర్మాగారము, పిడుగురాళ్ళలో సున్నపు బట్టీలు నేటికిని వేలమందికి అన్నము పెట్టుచున్నవి. ఇంతటి పరిశ్రమ తన్ను తాను పరిశోధించుకొనుటకు వెచ్చించునది ఎంత?

మన దేశము అన్ని రంగములలో కలిపి పరిశోధనపై చేసిన వ్యయము 2020-21లో దేశీయోత్పత్తిలో 0.64 శాతము మాత్రమే. నిర్మాణరంగములో లోభమునకు ప్రత్యేక కారణము కలదు. ఒక బట్టీదారు శ్రమపడి బొగ్గును పొదుపు చేయు పద్ధతిని కనిపెట్టినచో, మరునాటికి పొరుగువాడు ఉచితముగా అనుసరించును. కంట్రాక్టరుకు పని దక్కునది తక్కువ ధరకు టెండరు వేసినందున. కొత్త మిశ్రమమును ప్రయత్నించి నష్టపోయిన వానిని ఆదుకొను నాథుడు లేడు. అందరికిని లాభించు పని కనుకనే ఎవ్వరును పూనుకొనరు.

ఈ చిక్కును విప్పుటకే 1951 నాటి పరిశ్రమల చట్టము ప్రత్యేక సుంకమునకు వీలు కల్పించినది. ఆ చట్టము క్రింద, 1993 నిబంధనల ప్రకారము, సిమెంటు టన్నుకు 75 పైసలు వసూలు చేసిరి. టన్నుకు ఇరువది బస్తాలు; బస్తాకు నాలుగు పైసలైనను కాదు! 1962లో సిమెంటు పరిశోధన సంస్థగా వెలసి, నేడు జాతీయ మండలిగా పిలువబడు సంస్థకు ఆ ధనము ఆసరా అయినది. వస్తు సేవా పన్ను రాకమునుపే ఆ సుంకము తొలగిపోయినది. అంత స్వల్పమైన దానిని భారమనుట నాకు సబబుగా తోచదు.

శోధన ఫలమెట్టిదో చూడుడు. కాల్చిన మట్టిపొడిని, అనగా సుర్ఖీని, సున్నముతో కలిపి మన పూర్వులు గోడలు కట్టిరి. 1895లో పూర్తియైన ముళ్ళపెరియార్ ఆనకట్ట అట్టిదే. ఆ పాత సూత్రమునే స్విట్జర్లాండు, క్యూబా, మన ఐ.ఐ.టి.ల శాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి పరీక్షించి, కాల్చిన బంకమట్టిని, కాల్చని సున్నపురాతిపొడిని కలిపి కొత్త సిమెంటును రూపొందించిరి. క్లింకరుకు 1450 డిగ్రీల వేడి కావలెను. ఈ మట్టికి 800 చాలును. క్లింకరు దాదాపు సగమే పట్టును. 2023లో భారత ప్రమాణముల సంస్థ దీనికి ప్రమాణమును నిర్ణయించినది.

స్వచ్ఛమైన సున్నపురాయి నూరు కిలోలు పూర్తిగా కాలినచో 56 కిలోల సున్నము రావలెను. తక్కినది బొగ్గుపులుసు వాయువై పోవును. మన బట్టీల సున్నములో ఎంత కాలినదో, ఎంత పచ్చిగా మిగిలినదో చూపునకు తెలియదు. కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి ఒక్కటే. పంచదార ద్రావణము, ఉదజహరికామ్లము, ఒక బ్యూరెట్టు ఉన్నచో ఆ లెక్క తేల్చవచ్చును. రసాయనశాలలో వారమునకొక మధ్యాహ్నము, ఒక బల్ల ఈ పనికి విడిచిన చాలును. నమూనాలను బట్టీల నుండి మన పిల్లలే తెత్తురు, వారిలో కొందరి తండ్రులు పనిచేయునది అక్కడనే కదా.