వెనక్కి వచ్చే దారి

అమ్మలూ,

"మామయ్యా, మా పైప్‌లైన్ అంతా ఆటోమేటిక్. కోడ్ మెర్జ్ చేస్తే చాలు, పన్నెండు నిమిషాల్లో ప్రొడక్షన్‌కి వెళ్లిపోతుంది" అని మొన్న ఫోన్లో తెగ మురిసిపోయావు. తప్పు కోడ్ వెళ్తే వెనక్కి రావడానికి ఎన్ని నిమిషాలు పడుతుందని అడిగితే చప్పుడు లేదు. నిన్ను చిన్నబుచ్చాలని అడగలేదు. ముప్పై ఏళ్లుగా సర్వర్లతో కాపురం చేస్తున్న నేనే ఆ ప్రశ్న దగ్గర చాలాసార్లు నీళ్లు నమిలాను. అందుకే ఈ ఉత్తరం.

1. లేటెస్ట్ అనే ట్యాగుని నమ్మకు. ట్యాగంటే డబ్బా మీద అంటించిన కాగితం. ఇవాళ ఈ డబ్బా మీదుంటుంది, రేపు పీకి ఇంకోదానికి అంటిస్తారు.

కుబెర్నెటీస్ మాకు కొత్తగా ఉన్న రోజులవి. కంపెనీ పేరెందుకులే. ఒక శుక్రవారం సాయంత్రం కొత్త బిల్డ్ వెళ్లింది, పేమెంట్లు ఆగాయి. రోల్‌బ్యాక్ కొట్టాం. పాడ్‌లన్నీ చక్కగా లేచాయి, పేమెంట్లు మాత్రం కదల్లేదు. మళ్లీ కొట్టాం, అదే తంతు. అరగంట తర్వాత వెలిగింది: పాత కాన్ఫిగరేషన్‌లోనూ లేటెస్ట్ అనే ఉంది. వెనక్కి వెళ్లమన్న ప్రతిసారీ కుబెర్నెటీస్ బుద్ధిగా అదే పాడైన ఇమేజ్‌ని తెచ్చి నిలబెట్టింది. పోనీ పాత ఇమేజ్‌ని వెతుకుదామంటే, ట్యాగు ఊడినవాటిని తుడిచేసే నియమం రిజిస్ట్రీలో మేమే పెట్టుకున్నాం. అది మిగిలింది ఒకే ఒక్క చోట, ఆ బిల్డ్‌ని తన దగ్గర నడిపి చూసుకున్న కుర్రాడి ల్యాప్‌టాప్‌లో. అతను ఖమ్మం బస్సులో ఉన్నాడు. సూర్యాపేటలో టీకి ఆపినప్పుడు హాట్‌స్పాట్ పెట్టుకుని ఇమేజ్‌ని పైకి తోయడం మొదలెట్టాడు. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడట.

అప్పట్నుంచి ప్రతి ఇమేజ్‌కీ కమిట్ నంబరే ట్యాగు. ప్రొడక్షన్‌లో అయితే లోపలి సరుకును బట్టి లెక్కకట్టే డైజెస్ట్‌తోనే పిలుస్తాం. దానిలో ఒక్క బైటు మారినా డైజెస్ట్ మారుతుంది, మోసం కుదరదు.

2. బస్సు కథలో ఇంకో తప్పు ఉంది. ఆ ఇమేజ్‌ని తోయడానికి నలభై నిమిషాలు పట్టింది. బస్సు కదిలాక కూడా అప్‌లోడ్ నడుస్తూనే ఉంది. మా డాకర్‌ఫైల్‌లో ముందు కోడంతా కాపీ చేసి, ఆ తర్వాత లైబ్రరీలు దించేవాళ్లం. ఇమేజ్ పొరలు పొరలుగా కడతారు కదా, కింది పొర మారితే పైవన్నీ మళ్లీ కట్టాలి. ఒక్క అక్షరం సరిదిద్దినా లైబ్రరీల బరువంతా కొత్త పొరే. లైబ్రరీల జాబితాని ముందు కాపీ చేసి, అవి దించాక కోడ్ తెచ్చుకుని ఉంటే ఆ రోజు వెళ్లాల్సింది కొన్ని ఎంబీలే.

3. కోడ్ వెనక్కి వస్తుంది, డేటాబేస్ రాదు. కాలమ్ పేరు మార్చాలంటే ఒకే రిలీజ్‌లో మార్చకు. ముందు కొత్త కాలమ్ చేర్చు, కొన్నాళ్లు రెండింట్లోనూ రాయించు, పాత డేటా తరలించు, చదవడం కొత్తదానికి మార్చు. పాతదాన్ని తీసేయడం ఆ తర్వాతి రిలీజ్ పని. పాడ్‌లు ఒక్కొక్కటిగా మారేటప్పుడు పాత కోడూ కొత్త కోడూ ఒకే టేబుల్ మీద పక్కపక్కనే కూర్చుంటాయని మర్చిపోకు.

4. లైవ్‌నెస్ ప్రోబ్‌లో డేటాబేస్‌ని తాకకు. మేం తాకాం. డేటాబేస్ కాస్త నెమ్మదించేసరికి, ఆరోగ్యంగా ఉన్న కంటైనర్లన్నీ చచ్చాయనుకుని కుబెర్నెటీస్ రీస్టార్ట్ చేసింది. అవన్నీ ఒక్కసారిగా లేచి అదే డేటాబేస్ మీద పడ్డాయి. జ్వరమొచ్చినవాడి ఇంటికి ఊరంతా భోజనానికి వెళ్లినట్టు. ట్రాఫిక్ వద్దని చెప్పడానికి రెడీనెస్ ప్రోబ్ వేరే ఉంది.

5. 137 ఎగ్జిట్ కోడ్‌తో కంటైనర్ పోతే మొదట మెమరీ చూడు. అది 128కి సిగ్నల్ నంబరు 9 కలిపిన లెక్క, అంటే బలవంతంగా చంపారు, తరచుగా మెమరీ హద్దు దాటినందుకే. 191వ అప్‌డేట్ రాకముందు జావా 8 తన కంటైనర్ హద్దుని తనంతట తాను చూసేది కాదు. హోస్టులో 64 జీబీ ఉంటే అందులో నాలుగో వంతు నాదేననుకునేది, మనం ఇచ్చింది 2 జీబీ అయినా సరే.

6. రోల్‌బ్యాక్ కూడా మందే, ఏ రోగానికో తెలియకుండా వేస్తే చంపుతుంది. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల ట్రేడింగ్ సంస్థకి జరిగింది అదే. ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్త కోడ్ వెళ్లింది. మిగిలిన ఒక్కదానిలో ఏళ్ల తరబడి వాడని పాత కోడ్ నిద్రలేచి ఆర్డర్లు కుమ్మరించింది. కంగారులో వాళ్లు ఏడు మంచి సర్వర్ల నుంచి కొత్త కోడ్ తీసేశారు. ఒక్కటి చేస్తున్న పని ఎనిమిదీ చేశాయి. ముప్పావుగంటలో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం. డాకర్ బయటి ప్రపంచానికి కనిపించింది ఆ మరుసటి ఏడాది, 2013లో. కానీ ఏ యంత్రం మీద ఏది నడుస్తోందో చూడకుండా మీట నొక్కే చెయ్యి మాత్రం ఇప్పటికీ అదే.

7. ప్రతిదాన్నీ ముక్కలు చేయకు. 2023లో ప్రైమ్ వీడియో ఇంజినీర్లు వీడియో నాణ్యతని కనిపెట్టే తమ వ్యవస్థలోని విడివిడి భాగాలన్నీ ఒకే ప్రాసెస్‌లోకి తెచ్చి, ఖర్చు 90 శాతానికి పైగా తగ్గించుకున్నామని రాశారు. మీ ఆరుగురి టీమ్‌కి నలభై సర్వీసులా? మీ మేనేజరుతో ఆ మాట నేనన్నానని చెప్పకు.

8. ఈ వారమే స్టేజింగ్‌లో ఒక పాడైన బిల్డ్ కావాలనే పంపు. ఎవరికీ ముందుగా చెప్పొద్దు, మీ లీడ్‌కి తప్ప. గడియారం పెట్టుకుని కూర్చో. ఎవరు ముందు గమనించారు, ఏ డ్యాష్‌బోర్డు తెరిచారు, పాత డైజెస్ట్ ఎక్కడ దొరికింది, అన్నీ రాసుకో. ఎన్ని నిమిషాలు పట్టిందో తేలాక ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా పర్లేదు.