చదివింపుల పుస్తకం, గూగుల్ షీట్

మా అక్క పెళ్లికి నాలుగు గోడ గడియారాలు, మూడు డిన్నర్ సెట్లు వచ్చాయి. మిక్సీ మాత్రం అక్కా బావా కొనుక్కున్నారు. ఇచ్చినవాళ్ల తప్పేం లేదు, ఏం కావాలో వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

మన పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకం ఉంటుంది కదా. ఎవరు ఎంత చదివించారో ఒకరు కూర్చుని రాస్తారు. రేపు వాళ్లింట్లో పెళ్లయితే ఆ పేజీ తీసి చూస్తారు. అది ఇచ్చాక రాసే లెక్క. గిఫ్ట్ రిజిస్ట్రీ అంటే ఇవ్వకముందే రాసే లిస్టు. దీన్ని 1924లో చికాగోలోని మార్షల్ ఫీల్డ్స్ స్టోర్ మొదలుపెట్టింది.

పెద్దమ్మ వాళ్లబ్బాయి పెళ్లికి నేనే ఒకటి చేశాను. మొదట గూగుల్ షీట్‌కి ఎడిట్ పర్మిషన్ ఇచ్చి లింక్ పంపేశా. బాబాయి కుక్కర్ ఖాళీగా ఉందని చూసి పిన్నిని అడగడానికి వెళ్లాడు. ఈలోగా అత్తయ్య తన పేరు రాసేసింది. బాబాయి తిరిగొచ్చి, చూడకుండా దాని మీదే తన పేరు రాశాడు. ఓఎస్ క్లాసులో చెప్పే రేస్ కండిషన్ అంటే ఇదే!

రెండోసారి ఇలా మార్చాను:

1. లిస్టులో వస్తువు, సుమారు ధర, ఎన్ని కావాలో రాయాలి. రెండు మూడు వందల వస్తువులు కూడా ఉండాలి.
2. లిస్టు అందరికీ వ్యూ ఓన్లీ. ఎంచుకోవడానికి విడిగా గూగుల్ ఫార్మ్.
3. ఫార్మ్‌లో ప్రతి ఎంట్రీకీ టైమ్ పడుతుంది. ఇద్దరు ఒకటే ఎంచుకుంటే ముందు పంపినవాళ్లది ఖాయం, రెండోవాళ్లకి ఫోన్ చేయాలి.
4. ఫార్మ్ జవాబులు వేరే ఫైల్లోకి వెళ్లాలి. ఒకే ఫైల్లో ఇంకో ట్యాబ్‌లో ఉంటే ఎవరు ఏమిస్తున్నారో అందరికీ కనబడుతుంది. లిస్టులో "తీసుకున్నారు" అని ఉంటే చాలు.

కోడ్‌తో తేలని సమస్య ఒకటి మిగిలింది. "అడిగి తీసుకుంటే అది చదివింపు ఎట్లా అవుతుందే?" అంది అమ్మ. నా దగ్గర జవాబు లేదు. అందుకే లింక్‌ని శుభలేఖ మీద వేయలేదు. "ఏం తెమ్మంటారు?" అని అడిగినవాళ్లకే పంపాం.

అమ్మమ్మకి స్మార్ట్‌ఫోన్ లేదు. కవర్లో రూ.116 పెట్టి తెచ్చింది. అది షీట్‌లో ఏ కాలమ్‌లోనూ పట్టలేదు. చదివింపుల పుస్తకంలోనే రాశాం. మీరూ రిజిస్ట్రీ చేయండి, కానీ ఆ పుస్తకం మాత్రం తీసేయకండి.