జయాపజయములయందు సమబుద్ధి

ఇల్లినాయ్ రాష్ట్రములో ఫాక్స్ నది ఒడ్డున అరోరా నగరము కలదు. అచ్చటి సల్లివన్ రోడ్డుమీద శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయమున్నది. అదే రోడ్డుమీద ఇల్లినాయ్ గణిత విజ్ఞానశాస్త్ర అకాడమీయు ఉన్నది. రెండును 1986వ సంవత్సరముననే ద్వారములు తెరచినవి. రాష్ట్ర ప్రభుత్వము నెలకొల్పిన ఈ అకాడమీలో పదవ తరగతి నుండి పండ్రెండవ తరగతి వరకు విద్యార్థులు అక్కడనే వసించి చదువుకొందురు. ప్రవేశమునకు పోటీ ఉండును. కోరినవారందరికిని చోటు దొరకదు. ఇట్టి పోటీకి ముందు బిడ్డను వెంటబెట్టుకొని ఆలయమునకు వచ్చి, "స్వామీ, గెలిపించుము" అని మ్రొక్కుట తలిదండ్రులకు సహజము. ఆ మ్రొక్కులో తప్పు లేదు. కాని ఫలితము తెలిసిన మరునాడు ఆ బిడ్డ ఎట్లుండవలెను? ఈ పాఠము దానిని గూర్చియే.

సుఖదుఃఖములను, లాభనష్టములను, గెలుపోటములను సమముగా నెంచి యుద్ధము చేయుమని గీతలో శ్రీకృష్ణుడు అర్జునునకు బోధించెను. ఇందు రెండు భాగములున్నవి: సమముగా ఎంచుట, పని చేయుట. చాలమంది మొదటి భాగమును మాత్రమే పట్టుకొని, సమబుద్ధి యనగా నిర్లక్ష్యమని భ్రమింతురు. విల్లు విడిచి కూర్చున్నవానిని లేపి నిలబెట్టిన బోధ సోమరితనమును ఎట్లు నేర్పగలదు?

సమబుద్ధి లోపించినచో ఏమగునో భారతములోని జూదఘట్టము చూపుచున్నది. ధర్మరాజు ఓడినకొలది పందెమును పెంచెను. ధనము, రాజ్యము, తమ్ములు, తాను, చివరకు ద్రౌపది పందెములైరి. పోయినదానిని మరల గెలువవలెనను తహతహ ధర్మము తెలిసినవాని కన్నులను సైతము కప్పివేసినది.

ఇప్పుడు మన కాలపు ఉదాహరణములను చూతము. అమెరికాలో ఏటేట జరుగు జాతీయ స్పెల్లింగ్ బీ పోటీలో అక్షరము తప్పినచో పిల్లలు బరినుండి తొలగవలసినదే. న్యూయార్కునకు చెందిన తెలుగు కుటుంబపు బాలుడు అర్వింద్ మహంకాళి 2011లోను, 2012లోను మూడవ స్థానమున నిలిచిపోయెను. రెండుమారులును అతనిని ఓడించినవి జర్మను భాషనుండి వచ్చిన పదములే. అతడు ఆ పదములను తిట్టుకొని ఊరకుండలేదు. వానినే ప్రత్యేకముగా అభ్యసించెను. 2013లో అతనికి విజయమిచ్చిన చివరి పదము, జర్మను మూలము గల యిడ్డిష్ పదమైన "నైడెల్". ఈసారి జర్మను పదములు వచ్చినను కలత చెందలేదని అతడే చెప్పెను. ఆ నిబ్బరము అభ్యాసమునుండి పుట్టినది. చేయవలసిన పని చేసినవానికి ఫలితమును గూర్చిన భయము తగ్గును.

హైదరాబాదు క్రీడాకారిణి పి.వి. సింధు 2016లో రియో ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ అంతిమ పోటీలో మొదటి గేమును 21-19తో గెలిచి, తరువాతి రెండింటిని 12-21, 15-21తో స్పెయిను క్రీడాకారిణి కరోలినా మారిన్‌కు కోల్పోయెను. గెలిచిన మారిన్ కోర్టుపై పడి కన్నీరు విడుచుచుండగా, ఓడిన సింధు నెట్టు దాటి ఆమె వద్దకు పోయి కౌగలించుకొనెను. క్రిందపడియున్న ఆమె రాకెట్టును తీసి ఆమె సామగ్రి చెంత నుంచెను. ఓటమి బాధను కలిగించును. ఆ బాధలో సైతము మర్యాదను మరువకుండుటయే సమబుద్ధి.

తరువాత 2017 ప్రపంచ పోటీల అంతిమములో 110 నిమిషములు పోరాడి జపాను క్రీడాకారిణి నొజోమి ఒకుహారా చేతిలో ఓడెను. 2018లో మరల మారిన్ చేతిలో ఓటమి. 2019లో బాసెల్ నగరమున అదే ఒకుహారాను 21-7, 21-7తో 38 నిమిషములలోనే జయించి ప్రపంచ విజేత అయ్యెను. 2024లో పారిస్ ఒలింపిక్స్ నుండి పతకము లేకయే మరలెను. ఓటమి శాశ్వతము కానట్లే గెలుపును శాశ్వతము కాదు.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. మన పూర్వులు కోరంగి, విశాఖ, మదరాసు రేవులలో ఓడలెక్కి మారిషస్, నాటాల్, మలయా తోటలకు పోయిరి. చెరకు నరికినవారు, రబ్బరు చెట్లకు గాట్లు పెట్టినవారు వారు. లాభము తోట యజమానులది. "ఫలమును ఆశింపకుము" అని యజమాని కూలివానితో చెప్పినచో అది గీతాబోధ కాదు, దోపిడి. తన ఫలముపై మమకారమును తానే విడుచుట వేరు. ఒకని ఫలమును మరియొకడు లాగికొనుట వేరు. న్యాయమైన కూలి అడుగుట, ఆటలో నియమము తప్పినచో నిలదీయుట సమబుద్ధికి విరుద్ధములు కావు.

కావున తలిదండ్రులారా, పోటీనుండి వచ్చిన బిడ్డను "గెలిచితివా?" అని మొదట అడుగవలదు, "ఏమి నేర్చితివి?" అని అడుగుడు. గెలిచిననాడు, ఓడిననాడు ఇంట ఒకే భోజనము, ఒకే ఆదరము ఉండవలెను. విద్యార్థులారా, గెలిచినచో ఓడినవాని చేయి పట్టుకొనుడు. ఓడినచో ఎక్కడ తప్పితిరో ఆనాడే వ్రాసికొని, మరునాడు అచ్చటనుండియే ఆరంభింపుడు.

ఆలోచింపదగిన ప్రశ్నలు:

1. సమబుద్ధికిని నిర్లక్ష్యమునకును భేదమేమి?

2. జూదమునందలి ధర్మరాజునకును, రెండుమారులు ఓడిన అర్వింద్‌నకును గల తేడా ఏమి?

3. అన్యాయము జరిగినప్పుడు సమబుద్ధి గలవాడు ఏమి చేయవలెను?