ఈడీడీయా, పీహెచ్‌డీయా?

ప్రశ్న: టెక్సాస్‌లో ప్రభుత్వ పాఠశాలలో లెక్కల టీచర్‌ని. ప్రిన్సిపల్ కావాలని కోరిక. ఉద్యోగం మానకుండా ఈడీడీ (డాక్టర్ ఆఫ్ ఎడ్యుకేషన్) చేయవచ్చా? అది పీహెచ్‌డీ కంటే తక్కువా?
- ఒక పాఠకురాలు, డల్లాస్

జవాబు: తక్కువ కాదమ్మా, దారి వేరు. పీహెచ్‌డీ కొత్త సిద్ధాంతం వైపు నడిపిస్తుంది. ఈడీడీ మీ బడిలోని సమస్యను పరిశోధనతో పరిష్కరించడం నేర్పుతుంది. ఆల్జీబ్రాలో వలస కుటుంబాల పిల్లలు ఎందుకు వెనకబడుతున్నారన్నదే మీ థీసిస్ కావచ్చు. అమెరికాలో 2007లో మొదలైన ‘కార్నెగీ ప్రాజెక్ట్ ఆన్ ది ఎడ్యుకేషన్ డాక్టరేట్’ ఈడీడీని ఆ దిశగానే తీర్చిదిద్దింది. చాలా కోర్సులు ఉద్యోగస్తుల కోసమే సాయంత్రాలు, వారాంతాల్లో, ఆన్‌లైన్‌లో నడుస్తాయి.

అయితే టెక్సాస్‌లో ప్రిన్సిపల్ కావడానికి డాక్టరేట్ అక్కర్లేదు. మాస్టర్స్ డిగ్రీ, రాష్ట్ర సర్టిఫికెట్ ఉండాలి. ముందు అవి పూర్తిచేయండి. స్కూల్ డిస్ట్రిక్ట్ స్థాయి నాయకత్వం మీ లక్ష్యమైతే ఈడీడీ బాగా అక్కరకొస్తుంది. యూనివర్సిటీ పరిశోధనే జీవితమనుకుంటే పీహెచ్‌డీ మేలు.

చేరేముందు విశ్వవిద్యాలయానికి గుర్తింపు ఉందో లేదో చూడండి. మీ స్కూల్ డిస్ట్రిక్ట్ ఫీజులో సాయం చేస్తుందేమో అడగండి. స్వదేశానికి తిరిగొచ్చే ఆలోచన ఉంటే, ఆ డిగ్రీకి భారత్‌లో సమానార్హత దక్కుతుందో లేదో ఇప్పుడే తేల్చుకోండి. మీ బడి పిల్లల కష్టమే మీ పరిశోధనకు మూలమైతే ఆ చదువు తప్పక సార్థకమవుతుంది.