ఘాటు రోడ్డుకు టర్బో బలము

ప్రశ్న: నా టర్బో పెట్రోలు కారు అలిపిరి నుండి తిరుమలకు మరింత చురుకుగా ఎక్కునట్లు ట్యూనింగు చేయింపవచ్చునా?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: పని తెలిసినవారిచేత, డైనమోమీటరుపై కొలిపించి, చేయింపవచ్చును. టర్బో పీడనమును పెంచినకొలది సిలిండరులోనికి గాలి అధికముగా చేరి, దానికి తగిన ఇంధనము తోడై బలము వృద్ధినొందుననుట నిజమే గాని, ఆ ఒత్తిడికిని ఉష్ణమునకును తాళలేక, స్పార్కు ప్లగ్గు రగిల్చిన జ్వాల తన్ను చేరకమునుపే ఇంధనము తనంతట తానే మండి నాకింగు పుట్టించెనేని, పిస్టను చెడుటకు ఎంతో కాలము పట్టదు. మే నెల యెండలో, ఏడుగురిని ఎక్కించుకొని (అది మనకు ఆచారమే గదా!) కొండనెక్కు బండికి ఈ ముప్పు మరింత చేరువ. కావున గాలి-ఇంధన నిష్పత్తిని, నాకింగును, లోనికిపోవు గాలి ఉష్ణోగ్రతను పరీక్షించి, మీరు నిత్యము పోయించు పెట్రోలుకే అమర్చువానిని ఎన్నుకొనుడు. 95 ఆక్టేనుకు అమర్చిన యింజనులో 91 పోయుట చేటు.

అయితే, తయారీదారు నమోదుచేసిన వివరములకు భిన్నమగు మార్పులను 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను నిషేధించుచున్నది. వారంటీకిని, బీమాకును చిక్కులు రావచ్చును.

నన్నడిగినచో, 1974 నాటి రెండవ ఘాటు రోడ్డు నెక్కుటకు మీ టర్బోకు కంపెనీ యిచ్చిన బలమే చాలును. దిగుట 1944 నాటి మొదటి దారిన. దిగునపుడు బ్రేకులు మిక్కిలి వేడెక్కును గనుక, అందుకు ముందుగా పాత బ్రేకు ద్రవమును మార్పించుడు.