పగిలిన గాజులతో వలిసె పూలు

మాది వ్యవసాయ కుటుంబం. నా చిన్నతనంలో దమ్ము చేస్తుండగా మా నాన్న కాలిలో సీసాపెంకు దిగింది. వారం రోజులు నాగలి పట్టలేకపోయాడు. అలాంటి ఇంట్లో పుట్టిన నేను, అరకులోయ దగ్గర జరిగిన మా ఎన్.ఎస్.ఎస్. శిబిరంలో హైస్కూలు పిల్లలకు గాజుముక్కలతో బొమ్మలు అతకడం నేర్పాను. దీనినే మొజాయిక్ అంటారు.

మొదటిరోజే పొరపాటు చేశాను. పాత గాజులిచ్చి "విరవండర్రా" అన్నాను. ఒక కుర్రాడి వేలు తెగింది. "ఏం కాలేదన్నా" అంటూ నోట్లో పెట్టుకున్నాడు. తప్పు పూర్తిగా నాది. గాజు స్ఫటికం కాదు, దాని అణువులకు ఒక వరుస క్రమం లేదు. అందుకే అభ్రకంలా పొరలుగా విడిపోదు. పగులు ఎటు పోతే అటు కత్తి అంచు తేలుతుంది. ఇది పరీక్షలో రాసినవాణ్ణే, పనిలో మరిచాను!

కనుక మిత్రులారా, ఈ వరుస తప్పకండి.

1. కావలసినవి: అడుగు చదరం ప్లైవుడ్ చెక్క, ఫెవికాల్, తెల్ల సిమెంటు, పగిలిన గాజులు, టైల్సు ముక్కలు. సీసాపెంకులు కొత్తవాళ్ళకు వద్దు.

2. గాజులను, టైల్సును గోనెసంచిలో మడిచి సుత్తితో మెల్లగా కొట్టాలి. ఈ పని పెద్దవాళ్ళదే. కళ్ళద్దాలు, చేతితొడుగులు, చెప్పులు ఉండాలి. అంచులను తడి సానరాయిపై అరగదీయాలి. పొడిగా తీస్తే ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

3. చెక్కపై సుద్దతో బొమ్మ గీసి, ముక్కలను ఫెవికాల్‌తో అతికించాలి. మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు వదలాలి. ఒక రోజు ఆరనివ్వాలి.

4. తెల్ల సిమెంటును ఇడ్లీ పిండిలా కలిపి, తొడుగులు తీయకుండా, సందుల్లో నింపాలి. పావుగంటకు తడిగుడ్డతో పైన తుడవాలి. సిమెంటు ఆరిపోయి గట్టిపడదు, నీటితో రసాయనికంగా కలిసి గట్టిపడుతుంది. అందుచేత మర్నాటిదాకా చెమ్మగుడ్డ కప్పి ఉంచాలి. ఫెవికాల్ నీటికి మెత్తబడుతుంది గనుక బొమ్మను వానలో పెట్టకూడదు.

చండీగఢ్‌లో నేక్‌చంద్ 1957లో ఒంటరిగా మొదలుపెట్టి, ఇలాంటి పగిలిన గాజులూ పింగాణీ ముక్కలతోనే రాక్ గార్డెన్ నిర్మించాడు. అది 1976లో ప్రజలకు తెరిచారు. పారేసే వస్తువుకు అంత విలువ తేవచ్చన్నమాట.

మా పిల్లలు ఏం బొమ్మ వేశారంటారా? బయట కొండవాలంతా వలిసె చేలు పచ్చగా పూసి ఉన్నాయి. పసుపు గాజుముక్కలన్నీ రేకులైపోయాయి.

పని ముగిశాక, వేలికి కట్టున్న ఆ కుర్రాడే చీపురు తీసుకున్నాడు. మిగిలిన పెంకులన్నీ ఊడ్చి మూతడబ్బాలో వేశాడు. నేను చెప్పడం మరిచిన అయిదో మెట్టు అది. ఎందుకురా అంత శ్రద్ధ అంటే, "ఇక్కడ మేమంతా ఉత్తి కాళ్ళతోనే తిరుగుతాం కదన్నా!" అన్నాడు.

నాకు మా నాన్న కాలు గుర్తొచ్చింది.