గిట్టని పాత్రకు దక్కే న్యాయం

తెలుగు పంతులు కొలువు వదిలి చాలా కాలమైంది. అయినా పాఠం అడిగేవాళ్లు తగ్గలేదు. మరిపెడ బంగ్లా కాడ టీ తాగుతుంటే పోటీ పరీక్షలకు తయారయ్యే పిల్లలు పట్టుకుంటారు. "సార్, సాహిత్యంలో పాత్రలు ఎన్ని రకాలు? నాలుగు ముక్కల్ల చెప్పరాదుండ్రి" అంటారు. నాలుగు ముక్కల్లో కావాలంటే గైడు ఉండనే ఉంది. నాయకుడు, ప్రతినాయకుడు, ప్రధాన పాత్ర, ఉప పాత్ర అని గీతలు కొట్టి పెట్టింది. మార్కులు దానికే వస్తాయి. నేను చెప్పేది మార్కులు రాని సంగతి. చదివీ, చెప్పీ, పిల్లల ప్రశ్నలకు నీళ్లు నమిలీ తెలుసుకున్నవి ఇవి. వరుస నాకు గుర్తొచ్చిన వరుసే.

1. రకాలు తెలుసుకోండి, కాని ఆ రకాలు ఎవరి కోసం పుట్టాయో కూడా తెలుసుకోండి. దీనికి కాశీ దాకా పోనక్కర లేదు, మన ఓరుగల్లు చాలు. కాకతీయ ప్రతాపరుద్రుడి ఆస్థానంలో విద్యానాథుడు సంస్కృతంలో రాసిన అలంకార గ్రంథం 'ప్రతాపరుద్ర యశోభూషణం'. దాని మొదటి ప్రకరణమే నాయక ప్రకరణం. ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అని నాయకులు నలుగురు. రాముడు మొదటి రకం, కోపమూ గర్వమూ గల భీముడు రెండో రకం, వీణ పట్టిన వత్సరాజు మూడో రకం, 'మృచ్ఛకటికం'లో చారుదత్తుడు నాలుగో రకం అని పాఠం చెప్పేవాళ్లం. పిల్లలు తొందరగా పట్టుకునేవారు. తమాషా ఏమిటంటే విద్యానాథుడు లక్షణాలకు ఇచ్చిన ఉదాహరణలన్నీ ప్రతాపరుద్రుడి మీదే. కొలువిచ్చిన రాజునే నాయకుడిగా నిలబెట్టి శాస్త్రం రాస్తే అందులో శత్రువుకు చోటెక్కడిది? ఓడిపోవడానికీ, పారిపోవడానికీ తప్ప అతనికి పని లేదు. శాస్త్రానికి ఇది లోపం కాకపోవచ్చు. కథకు మాత్రం పెద్ద లోపం. పత్తి విత్తనాల ప్యాకెట్ మీద రకం పేరు చూసే కొంటాం, దిగుబడి మాట మాత్రం చేను చెప్పాలి.

2. ఆ ఓరుగల్లు గురించే ఇంకో పుస్తకం ఉంది, అది నాకు మరీ ఇష్టం. వినుకొండ వల్లభరాయుడి 'క్రీడాభిరామం'. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు రోజంతా నగరం వీధులు తిరుగుతారు. అందులో యుద్ధం లేదు, పట్టాభిషేకం లేదు. పూటకూటింటి భోజనం, కోడిపందేలు, పల్నాటి వీరుల కథ పాడే ఆడమనిషి, మాచల్దేవి ఇల్లు, అంతే. నాయకుడి కొలతలు పెట్టుకొని చదివితే ఈ ఇద్దరూ ఏ గదిలోనూ పట్టరు. వాళ్లు చూసేవాళ్లు, మనకు చూపించేవాళ్లు. పాత్రల జాబితాలో 'సాక్షి' అనే రకం ఒకటి ఉందని నేను పిల్లలకు వేరే చెప్పేవాణ్ని. 'చిల్లర దేవుళ్లు' నవలలో దొరల తెలంగాణను పరాయి కళ్లతో చూసిన సారంగపాణి కూడా ఈ కోవకే వస్తాడు. అతని సంగతి ముందుంది.

3. మార్పు లేని పాత్రను తక్కువ చేయకండి. ఇంగ్లండు నవలాకారుడు ఇ.ఎం. ఫార్‌స్టర్ 1927లో పాత్రల్ని రెండుగా విడగొట్టాడు. ఒక్క గుణంతో చివరిదాకా నడిచేవి ఒక రకం, మనల్ని నమ్మిస్తూనే ఆశ్చర్యపరిచేవి ఇంకో రకం. అప్పటి నుంచి విమర్శకులందరికీ మొదటి రకం మీద చిన్నచూపు. పానుగంటి వారి జంఘాలశాస్త్రి ఎన్ని 'సాక్షి' వ్యాసాల్లో కనిపించినా ఆ ఉపన్యాసాల జంఘాలశాస్త్రే. చిలకమర్తి గణపతి గణపతే. మారితే మనం ఒప్పుకోం. చిందు భాగోతంలో బుడ్డర్‌ఖాన్ వేషం రంగం మీదికి వస్తే, నోరు తెరవకముందే జనం నవ్వేవాళ్లు. ఆ పాత్ర ఏం చేస్తుందో అందరికీ తెలుసు, తెలిసే వచ్చి కూచున్నారు. చేతగాని రచన ఏదంటే, మారని పాత్రను తెచ్చి, కథ చివర అవసరం కొద్దీ మార్చేసేది.

4. దొర పాత్ర. ఇది మా ఇంటి పక్క సంగతి కనుక నిదానంగా చెప్తా.

చిన్నగూడూరు మాకు దగ్గరి ఊరు. 2016 దాకా మరిపెడ మండలంలోదే. ఆ ఏడు జిల్లాలు మారినప్పుడు అది వేరే మండలమైంది, అందరం వరంగల్ నుంచి మహబూబాబాద్ జిల్లాకు వచ్చిపడ్డాం. దాశరథి కృష్ణమాచార్య 1925లో, తమ్ముడు రంగాచార్య 1928లో పుట్టింది ఆ ఊళ్లోనే. అన్న కవిగా ఎక్కువమందికి తెలుసు. పాత్రల సంగతి మాట్లాడాలంటే మాత్రం తమ్ముడి దగ్గరికే పోవాలి. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి', 'గంగు' నవలలతో మొదలుపెట్టిన తెలంగాణ పల్లె కథను రంగాచార్య 'చిల్లర దేవుళ్లు', 'మోదుగుపూలు', 'జనపదం' నవలలతో ముందుకు నడిపారు.

'చిల్లర దేవుళ్లు'లో నిజాం కాలపు ఊరు. గడి, దొర, కరణం, వెట్టి. బతుకుదెరువు వెతుక్కుంటూ విజయవాడ వైపు నుంచి వచ్చిన సంగీత విద్వాంసుడు సారంగపాణి కళ్లతో మనం ఊళ్లో అడుగుపెడతాం. ఈ నవల పాఠం చెప్పేటప్పుడు, కొన్ని పేజీలు ఇంట్లో ముసలివాళ్లకు చదివి వినిపించి, వాళ్లేమన్నారో రాసుకొని రమ్మని పిల్లలకు పని పెట్టేవాణ్ని. ఒక ఏడు ఒక పిల్ల లేచి ఇట్లా చెప్పింది: "మా నాయనమ్మ అన్నది సార్, దొర గంత మాట్లాడకపోయేదట. చెప్పులు చేతుల పట్టుకొని గడి ముందునుంచి పోతాంటే, లోపల్నించి దగ్గు వినబడితే చాలట, కాళ్లు ఆడ్నే ఆగిపోయేటియట."

నేను చెప్పిన ప్రతినాయక లక్షణాలన్నీ ఒక ఎత్తు, ఆ దగ్గు ఒక ఎత్తు. దుర్మార్గుడంటే మీసం మెలేసి కేకలు వేయాలని మనకు నాటకాలూ సినిమాలూ నేర్పాయి. అధికారం నిజంగా చేతిలో ఉన్నవాడికి కేకలతో పని లేదు. అవతలివాళ్ల భయమే అతని మాట. మీ కథలో దొర ఉంటే అతని సంభాషణల్లో సగం కొట్టేయండి, ఎదుటివాళ్ల నడకలో, చూపులో, చేతుల్లో అతన్ని చూపించండి.

ఇంకో మాట. అదే గడిలో సారంగపాణి సంగీతానికి చోటు దొరికింది. పాట తెలిసిన దొర, మనిషిని మనిషిగా చూడని దొర ఒక్కరే. ఈ రెంటినీ ఒక ఒంట్లో పెట్టడానికి రచయితకు గుండె కావాలి. రంగాచార్య సాయుధ పోరాటంలో పనిచేసిన మనిషి, దొరల మీద ఆయనకు జాలి ఎందుకుంటుంది? అయినా పాటకు తల ఊపే గుణాన్ని దొర నుంచి లాక్కోలేదు. దొర ఇంకా భయంకరంగా కనిపించేది అందుకే. ఉట్టి రాక్షసుడైతే మనం "అటువంటివాళ్లు ఇప్పుడు లేరు" అని పుస్తకం మూసేవాళ్లం.

5. కథను నడిపేది మధ్యవాడు. దొర సరే, ఊరు సరే, వాళ్ల మధ్య కాగితాలు మోసేవాడు ఎవరు? కరణం. 'కన్యాశుల్కం'లో రామప్పంతులు, భారతంలో శకుని, 'చిల్లర దేవుళ్లు'లో కరణం వెంకట్రావు, కథలో ముగ్గురూ సింహాసనం మీద కూచోరు. ముగ్గురి చేతిలోనూ పనులున్నాయి. పైవాడికి కింది సంగతి, కిందివాడికి పై సంగతి చేరవేస్తూ దారిలో తమ వాటా తీసుకుంటారు. వీళ్లను గైడు 'ఉప పాత్రలు' అంటుంది. ఒక్కసారి వీళ్లను తీసేసి కథ చెప్పి చూడండి, రెండో పేజీ తిరగదు.

6. అష్టవిధ నాయికల్ని నేనూ బట్టీ పట్టించాను. స్వాధీనపతిక నుంచి అభిసారిక దాకా ఎనిమిది పేర్లు ఒక్క ఊపిరిలో చెప్పిన పిల్లలున్నారు. చెప్పించగా చెప్పించగా నాకొకటి తట్టింది. ఈ ఎనిమిదింటికీ కొలబద్ద మగవాడు ఎక్కడున్నాడన్నదే. చెప్పుచేతల్లో ఉన్నాడా, దూరదేశం పోయాడా, ఇంకొకామె దగ్గరికి పోయి తెల్లారి వచ్చాడా, ఇంతే. ఇప్పుడు 'చిల్లర దేవుళ్లు'లో వనజను తీసుకోండి. ఆమె ఆడబాప. దొరసాని వెంట అరణంగా గడికి వచ్చిన ఆడపిల్లలకు ఆ పేరు. ఆమె ఎవరి కోసమూ అలంకరించుకొని ఎదురుచూడదు, ఎవరి మీదా అలగడానికి ఆమెకు హక్కు లేదు. ఎనిమిది గదుల ఇంట్లో ఆమెకు గది లేదు. అదే గడిలో దొర బిడ్డ మంజరి సంగీతం నేర్చుకుంటుంది. ఇద్దరాడపిల్లల్ని ఒకే కప్పు కింద నిలబెట్టాడు రచయిత, మిగతా పని మనది.

మధురవాణి సంగతి చెప్పకపోతే పాపం. గురజాడ ఆమెను వేశ్య అనే రకం నుంచి తీసుకొని, నాటకంలో అందరికన్నా తెలివిగలదాన్ని చేశాడు. 'కన్యాశుల్కం' మొదటి కూర్పు 1897లో, బాగా పెంచి మార్చిన రెండో కూర్పు 1909లో వచ్చాయి. ఆ పెంచడంలో ఎక్కువ లాభపడింది మధురవాణే.

7. "హీరో ఏం చేస్తలేడు సార్." గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' చెప్పిన ప్రతిసారీ ఈ ఫిర్యాదు వచ్చేది. సీతారామారావు, రావిశాస్త్రి 'అల్పజీవి' సుబ్బయ్య, బుచ్చిబాబు దయానిధి, వీళ్లు ధీరుల్లో ఏ రకమూ కారు. మా పాత వరంగల్ జిల్లా రచయిత నవీన్ 1969లో తెచ్చిన 'అంపశయ్య'లో రవి ఉస్మానియాలో చదివే పల్లెటూరి పిల్లవాడు, నవలంతా అతని ఒక్క రోజు. పిల్లలకు మొదట విసుగు. హాస్టల్లో చేరి, చేతిలో డబ్బు లేక, పక్కవాడి బట్టలు చూసి కుంచించుకుపోయినవాళ్లు మాత్రం తర్వాతెప్పుడో వచ్చి ఆ పుస్తకం మళ్లీ అడిగేవాళ్లు. బలహీనుడి కథ చదవడానికి కొంత బతకాలి.

8. కనబడని పాత్రను లెక్క వేయండి. 1957 నాటి 'మాయాబజార్'లో పాండవులు అయిదుగురూ తెర మీదికి రారు. వాళ్ల గొడవ లేకుండా కథా లేదు. 'కన్యాశుల్కం'లో అందరూ కొట్లాడేది సుబ్బి పెళ్లి గురించే, ఆ పిల్ల నోట మనకు గుర్తుండే మాట ఒక్కటి లేదు. బేరం పెట్టిన సరుకును మాట్లాడనిస్తారా?

9. ఏ పాత్రకు ఏ భాష ఇచ్చారో చూడండి. చాలాకాలం తెలుగు సినిమాలో మా యాస రౌడీకీ, నవ్వించేవాడికీ తప్ప ఇంకెవరికీ దక్కలేదు. పిల్లలు అది చూసి క్లాసులో తమ మాటకు తామే నవ్వడం నేర్చుకున్నారు. రంగాచార్య ఊరి జనం నోట ఊరి మాటే పెట్టారు, ఏడుపుకైనా ఎదిరింపుకైనా ఆ మాటే. మా మండలం చుట్టూ తండాలే. అయినా తెలుగు కథల్లో లంబాడీ మనిషి చాలాకాలం అద్దాల రవికెగా, తీజ్ పాటగా వచ్చిపోయాడు. అది పాత్ర కాదు, తోరణం. రమేశ్ కార్తీక్ నాయక్ 'ధావ్లో' కథలకు 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చినప్పుడు తండా పిల్లలకు చూపించడానికి నా చేతికి ఒక పుస్తకం దొరికింది. లోపలివాళ్లు రాస్తే అద్దాలు తగ్గి మనుషులు పెరుగుతారు.

10. ఇన్నేళ్లకు నాకు మిగిలిన కొలత ఇది: రచయితకు గిట్టని పాత్ర ఎవరో కనిపెట్టండి, అతనికి ఎంత న్యాయం జరిగిందో చూడండి. 'కన్యాశుల్కం'లో గిరీశం మోసగాడని గురజాడకు మనకన్నా ముందే తెలుసు. తెలిసీ నాటకంలో మంచి మాటలన్నీ ఆ మోసగాడికే ఇచ్చాడు. నూరేళ్లు దాటినా గిరీశం మన మధ్య తిరుగుతున్నది అందుకే. 'ప్రజల మనిషి' మీద నాకు ఎనలేని గౌరవం, జైలు చూసిన చేత్తో రాసిన నవల అది. అయినా నా కొలతకు కంఠీరవం మరీ మంచివాడు, దొర రామభూపాలరావు మరీ చెడ్డవాడు. ఆ ఇద్దరిలో ఒక్కరికైనా ఒక్క తప్పటడుగు పడి ఉంటే ఆ నవల ఇంకో మెట్టు ఎక్కేది. ఈ మాట అన్నందుకు నాతో తగువు పడ్డ మిత్రులున్నారు, పడనివ్వండి.

కథలు రాయాలనుకునే పిల్లలకు ఒక్క పని చెప్తా. 'చిల్లర దేవుళ్లు' తెచ్చుకోండి. మొదటిసారి సారంగపాణి వెంట పోండి, అందరూ పోయేది ఆ దారే. రెండోసారి అతన్ని వదిలి కరణం వెంకట్రావు పక్కన కూచొని చదవండి. అతనికి తాను చేస్తున్నది తప్పని ఎక్కడైనా అనిపించిందా, అనిపించకపోతే ఎందుకు అనిపించలేదు, ఒక పేజీ రాసి తెండి. సాయంత్రం పూట ఇంట్లోనే ఉంటాను.